నల్ల తెర మీద రెండు ముక్కలు: బూట్ లోడర్ ఎర్రర్‌ను చదవడం ఎలా?

ఆ మధ్య బంధువుల ఇంట్లో డెస్క్‌టాప్ ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నల్ల తెర మీద ఇంగ్లిషులో రెండు వరుసలు: ఇది బూటబుల్ డిస్క్ కాదు, బూటబుల్ ఫ్లాపీ పెట్టి ఏదైనా కీ నొక్కండి అని. ఆ ఇంట్లో పిల్లలకు ఫ్లాపీ అంటే ఏమిటో కూడా తెలియదు. హార్డ్ డిస్క్ పోయిందని, కొత్తది కొనాలని అప్పటికే ఒకరు సలహా ఇచ్చేశారు. వెనక చేయి పెట్టి తడిమితే ఫొటోలు ఎక్కించడానికి పెట్టిన పెన్‌డ్రైవ్ తగిలింది. పీకేసి మళ్లీ ఆన్ చేశాను. విండోస్ వచ్చేసింది.

ఆ వాక్యం మదర్‌బోర్డుది కాదు, విండోస్‌దీ కాదు. పెన్‌డ్రైవ్ మొదటి సెక్టార్‌లో (డేటా రాసే చిన్న గడిలో) కూర్చున్న చిన్న ప్రోగ్రాం పలికిన మాట అది. లినక్స్‌లో పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్ అనే పాత ఫైళ్ల అమరిక పద్ధతిలో ఫార్మాట్ చేసే ప్రోగ్రాం ఇప్పటికీ ఆ ఫ్లాపీ వాక్యాన్నే రాసి వదులుతుంది.

కాబట్టి ఎర్రర్ ఏమంటున్నదో చూసే ముందు అది ఎవరి నోటి నుంచి వచ్చిందో తేల్చుకోవాలి. కంప్యూటర్ ఆన్ కావడమంటే ఒకరి తర్వాత ఒకరు పగ్గాలు అందుకోవడమే. మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రాం అయిన బయోస్ నుంచి డిస్క్ మొదటి సెక్టార్‌కు, అక్కడి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ర్యామ్‌లోకి తెచ్చే అసలు బూట్ లోడర్‌కు, ఆపైన ఆ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు. నోరు తెరిచి మాట్లాడగలిగినవాడు ఆ క్షణానికి బతికే ఉన్నాడు. తన తర్వాతివాడిని లేపబోయి లేపలేకపోయాడు, అంతే. లోపాన్ని వెతకవలసింది మాట వచ్చిన చోట కాదు, దాని తర్వాతి మెట్టులో.

ఈ వ్యాసంలో ఎక్కువ భాగం పాత బయోస్ పద్ధతి గురించే. కొత్త యంత్రాల్లో బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చినా పాత డెస్క్‌టాపుల్లోను, వర్చువల్ మెషిన్లలోను బయోస్ దారి ఇంకా నడుస్తూనే ఉంది. అది అర్థమైతే మిగతాది సులువు.

మొదటి మెట్టు: తెర వెలగకముందు

పవర్ రాగానే ప్రాసెసర్‌కు డిస్క్ సంగతి తెలియదు, తెర సంగతి తెలియదు. 386 కాలం నుంచి అది మొదటి ఆదేశాన్ని ఒకే చోట వెతుకుతున్నది: 4 జీబీ హద్దుకు సరిగ్గా 16 బైట్లు దిగువన. అక్కడ కనిపించేది మదర్‌బోర్డు మీది ఫ్లాష్ చిప్. అందులోని ఫర్మ్‌వేర్, అంటే బయోస్, ర్యామ్‌ను, వీడియోను, కీబోర్డును ఒక్కొక్కటిగా పరీక్షిస్తుంది.

తెర ఇంకా పనిచేయని దశ కనుక ఫిర్యాదు చేయడానికి మిగిలేవి శబ్దం, దీపం, అంకెలే. ఐబీఎం పీసీలో ఒక పొట్టి బీప్ వస్తే అంతా బాగున్నట్లు. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లేలో లోపం. ఆ తర్వాత ప్రతి బయోస్ కంపెనీ తన సొంత లెక్క పెట్టుకుంది. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే ఏదో ఒక బీప్ పట్టికను నమ్మకండి, మీ మదర్‌బోర్డు పుస్తకంలోదే చూడండి. చాలా కొత్త బోర్డుల మీద ప్రాసెసర్, ర్యామ్, వీడియో, బూట్ అని నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. ఏ దీపం దగ్గర ఆగిపోయిందో చూస్తే చాలు. కొన్నింటి మీద రెండంకెల తెర కూడా ఉంటుంది. ఫర్మ్‌వేర్ ప్రతి పనికి ముందు 80 నంబరు పోర్టుకు ఒక సంకేతం పంపుతుంది, అదే అక్కడ కనిపిస్తుంది. చివరగా నిలిచిపోయిన అంకె ఏ పని మధ్యలో ప్రాణం పోయిందో చెబుతుంది.

తెర వచ్చాక పాత ఐబీఎం యంత్రాలు అంకెలతో మాట్లాడేవి. 301 అంటే కీబోర్డు, 1701 అంటే హార్డ్ డిస్క్. కీబోర్డు కనిపించడం లేదంటూనే ఎఫ్1 నొక్కమని అడిగే బయోస్‌లను చూసి నవ్వుకోనివారు ఈ రంగంలో ఉండరు.

ఈ మెట్టులో ఆగితే విండోస్ మళ్లీ ఎక్కించడం శుద్ధ దండగ. డిస్క్ జోలికి ఇంకా ఎవరూ వెళ్లలేదు. ర్యామ్ తీసి, కాంటాక్టులు తుడిచి, ఒక్కొక్క స్టిక్‌తో ప్రయత్నించండి.

రెండో మెట్టు: 512 బైట్ల గది

పరీక్షలు ముగిశాక బయోస్ తన బూట్ వరుసలో ఉన్న డిస్క్‌ల మొదటి సెక్టార్ చదువుతుంది. అది 512 బైట్లు. చివరి రెండు బైట్లు 55, ఎఎ అయి ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే ఆ సెక్టార్ మొత్తాన్ని ర్యామ్‌లో 7సి00 అనే చిరునామాలో పెట్టి, ఏ డిస్క్ నుంచి తెచ్చిందో ప్రాసెసర్‌లోని డీఎల్ రిజిస్టర్ అనే చిన్న గూటిలో రాసి, అక్కడికి దూకేస్తుంది. అంతకు మించి ఏమీ చూడదు. ఈ పేరా నుంచి చిరునామాలు, బైట్ల విలువలు, ఇంటరప్ట్ సంఖ్యలు అన్నీ కంప్యూటర్‌వాళ్ల పదహారు లెక్కలోనివి, అంటే 9 తర్వాత ఎ, బి, సి అని ఎఫ్ దాకా వెళ్లేవి.

7సి00 వెనక 1981 నాటి లెక్క ఉంది. అప్పట్లో 32 కేబీ ర్యామ్ ఉన్న యంత్రంలోనూ పని జరగాలి కనుక, ఆ 32 కేబీలో చిట్టచివరి 1 కేబీ దగ్గర బూట్ సెక్టార్‌ను పెట్టారు. 32 జీబీ ర్యామ్ వేసుకున్నా బయోస్ పద్ధతిలో మొదటి అడుగు అక్కడే పడుతుంది.

హార్డ్ డిస్క్ మొదటి సెక్టార్‌ను ఎంబీఆర్ అంటారు. 512లో 64 బైట్లు నాలుగు పార్టిషన్ల (డిస్క్‌ను విడగొట్టిన భాగాల) పట్టికకు, 2 బైట్లు 55, ఎఎ అనే సంతకానికి పోతే ప్రోగ్రాంకు మిగిలేది 446. అందులోనే డిస్క్ చదవాలి, తప్పు జరిగితే చెప్పాలి. చెప్పే మాటలు కూడా ఆ 446లోనే ఇమడాలి. ఎర్రర్లు అంత ముక్తసరిగా ఉండటానికి అదే కారణం. "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్" అన్న మాట ఇంగ్లిషు అక్షరాల్లో 24 బైట్లు. "ఆపరేటింగ్ సిస్టమ్ లేదు" అని మన లిపిలో యూనికోడ్‌గా రాస్తే 62 బైట్లు. పోనీ చోటు చేసినా, బయోస్ టెక్స్ట్ తెరకు తెలిసిన అక్షర రూపాలు 256 మాత్రమే. వాటిలో తెలుగు లేదు.

డిస్క్ చదివిపెట్టమని అడగడానికి ఈ ప్రోగ్రాంకు ఉన్న దారి బయోస్‌లోని 13వ ఇంటరప్ట్, అంటే బయోస్ సేవను పిలిచే సంఖ్య. పని కాకపోతే బయోస్ ప్రాసెసర్‌లోని క్యారీ ఫ్లాగ్ అనే గుర్తు ఎత్తి, ఏహెచ్ రిజిస్టర్‌లో కారణం సంఖ్యగా పెడుతుంది. 04 అంటే ఆ సెక్టార్ దొరకలేదు, 10 అంటే చదివిన డేటా సరిపోలలేదు, 40 అంటే డిస్క్ హెడ్ చోటికి చేరలేదు, 80 అంటే ఎంత ఆగినా డిస్క్ జవాబివ్వలేదు. ఇంత విలువైన సమాచారాన్ని చాలా ఎంబీఆర్‌లు చోటు లేక పారేసి, ఎర్రర్ అన్న మాటతో సరిపెడతాయి.

కళ్లతో చూడండి: ఎనిమిది బైట్ల బూట్ లోడర్

చదివి వదిలేయకుండా ఒకసారి చేసి చూడటం మంచిది. సొంత డిస్క్ మీద కాదు, క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాంలో. ఫైలును బైటు బైటుగా మార్చే హెక్స్ ఎడిటర్ ఒకటి తెరిచి 512 బైట్ల ఖాళీ ఫైలు చేయండి. మొదట్లో ఈ ఎనిమిది బైట్లు రాయండి:

బి4 0ఇ బి0 54 సిడి 10 ఇబి ఎఫ్ఇ

చివరి రెండు బైట్లు 55, ఎఎ. మధ్యలో అన్నీ సున్నాలే. ఈ ఫైలును హార్డ్ డిస్క్‌గా చూపించి క్యూఎమును నడిపితే తెర మీద ఇంగ్లిషు "టి" అక్షరం ఒకటి పడి అంతా నిలిచిపోతుంది. మొదటి రెండు బైట్లు "ఒక అక్షరం రాయి" అనే పని సంఖ్యను, తర్వాతి రెండు ఆ అక్షరాన్ని సిద్ధం చేస్తాయి. సిడి 10 అంటే తెర చూసుకునే బయోస్ ఇంటరప్ట్‌ను పిలవడం. చివరి రెండు బైట్లు తన చోటికే తాను దూకుతూ ఉండమంటాయి. బూట్ లోడర్ ఎర్రర్లన్నీ తెర మీదకు వచ్చేది ఇలా అక్షరం తర్వాత అక్షరంగానే.

ఇప్పుడు చివరి ఎఎను 00 చేసి మళ్లీ నడపండి. క్యూఎములోని బయోస్ అయిన సీబయోస్ ఇది బూటబుల్ డిస్క్ కాదని, ఆపైన బూట్ చేయదగిన పరికరమేదీ లేదని చెబుతుంది. ఈసారి మాట్లాడింది బయోస్, మీ ప్రోగ్రాంకు నోరు తెరిచే అవకాశమే రాలేదు.

మూడో ప్రయోగం: సంతకాన్ని సరిచేసి, ముందున్న ఎనిమిది బైట్లను సున్నాలు చేయండి. బయోస్ సంతకం చూసి సంతృప్తిపడి దూకేస్తుంది. లోపల సున్నాలు. ప్రాసెసర్‌కు సున్నాలు కూడా చెల్లే ఆదేశాలే, కాబట్టి అర్థం లేని పని చేసుకుంటూ పోతుంది. మీకు కనిపించేది కదలని తెర, మెరుస్తున్న కర్సర్. ఎర్రర్ లేకుండా ఉత్త కర్సర్ మెరిసే యంత్రం మీ దగ్గరికి వస్తే మొదటి సెక్టార్‌లో సంతకం ఉండి ప్రోగ్రాం చెడిందని ముందుగా అనుమానించండి.

మూడో మెట్టు: మూడు వాక్యాలు, వాటి అసలు అర్థం

డాస్, విండోస్ రాసే ఎంబీఆర్ ముందు తనను తాను 0600 చిరునామాకు మార్చుకుంటుంది, 7సి00లో తర్వాతి సెక్టార్‌కు చోటు కావాలి కనుక. తర్వాత నాలుగు పార్టిషన్ల వరుసలు చూస్తుంది. ప్రతి వరుస మొదటి బైటు 80 అయితే అది యాక్టివ్ పార్టిషన్ (బూట్ కావలసినది), 00 అయితే కాదు.

ఈ బైటు 80, 00 కాక ఇంకేదైనా ఉన్నా, రెండు చోట్ల 80 ఉన్నా "ఇన్వాలిడ్ పార్టిషన్ టేబుల్" అంటుంది. డిస్క్ భౌతికంగా బాగానే ఉండవచ్చు. పట్టికలో ఒక్క బైటు తప్పు. ఏ వరుసలోనూ 80 లేకపోతే డాస్ కాలపు ఎంబీఆర్ ఏమీ అనకుండా పగ్గాలు బయోస్‌కు తిరిగి ఇచ్చేస్తుంది.

యాక్టివ్ పార్టిషన్ మొదటి సెక్టార్‌ను చదవబోయి కొన్నిసార్లు ప్రయత్నించాక కూడా రాకపోతే "ఎర్రర్ లోడింగ్ ఆపరేటింగ్ సిస్టమ్". నేను కేబులు, డిస్క్ ఆరోగ్యం చూసేది ఈ వాక్యం కనిపించినప్పుడు. చదవడం కుదిరి, ఆ సెక్టార్ చివర 55, ఎఎ లేకపోతే "మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్". చాలామందిని బెదరగొట్టేది ఇదే. నిజానికి ఎంబీఆర్‌కు విండోస్ అంటే ఏమిటో తెలియదు, ఫైళ్లంటే తెలియదు. అది చూసింది రెండు బైట్లు. మీ ఫొటోలు, లెక్కల ఫైళ్లు అన్నీ చెక్కుచెదరకుండా ఉండి కూడా ఈ వాక్యం రావచ్చు. ఫార్మాట్ చేయమనేవారిని కాసేపు ఆగమనండి.

"బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్", అంతకు ముందు కాలంలో "ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్" అన్నవి పార్టిషన్ బూట్ సెక్టార్ మాటలు, ఆ పేర్లు విండోస్ బూట్ లోడర్ ఫైళ్లవి. అంటే ఎంబీఆర్ తన పని ముగించింది, ఫైల్ సిస్టమ్‌ను (ఫైళ్ల అమరికను) ఆ బూట్ సెక్టార్ కొంతవరకు చదవగలుగుతోంది, ఆ పేరు గల ఫైలు మాత్రం దొరకలేదు. తరచుగా కారణం తప్పు పార్టిషన్‌ను యాక్టివ్ చేయడమే.

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో వెళ్లి మొదటి సెక్టార్‌ను చూడాలంటే డీడీ కమాండ్‌తో 512 బైట్లు ఫైలులోకి తీసుకుని హెక్స్‌డంప్‌లో తెరవండి. డీడీ కమాండ్‌లో ఐఎఫ్ అంటే ఎక్కడి నుంచి, ఓఎఫ్ అంటే ఎక్కడికి. ఈ రెండూ తారుమారైతే ఒక్క క్షణంలో డిస్క్ పోతుంది. ఎంటర్ నొక్కే ముందు రెండుసార్లు చదవండి. పాత బ్యాకప్ నుంచి ఎంబీఆర్ తిరిగి రాసేటప్పుడు 446 బైట్లే రాయండి. 512 రాస్తే పాత పార్టిషన్ పట్టిక కూడా వచ్చి కూర్చుంటుంది.

లిలో: పేరే ఎర్రర్ కోడ్

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్లి లిలో అనే పాత లినక్స్ లోడర్‌ను చూపించకుండా ఉండలేను. 1990లలో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాసిన ఈ లోడర్ తన పేరులోని నాలుగు ఇంగ్లిషు అక్షరాలను ఒకేసారి రాయదు. ఒక్కో పని పూర్తయ్యాక ఒక్కో అక్షరం. ఎక్కడ చచ్చిపోతే అక్కడికి పేరు ఆగుతుంది.

ఏమీ రాలేదంటే లిలో మొదలే కాలేదు. "ఎల్" మాత్రమే వచ్చి పక్కన రెండంకెల సంఖ్య ఉంటే మొదటి దశ బతికింది, రెండో దశను డిస్క్ నుంచి తేలేకపోయింది. ఆ సంఖ్య ఇందాక చెప్పుకున్న బయోస్ కారణమే. "ఎల్ఐ" దగ్గర ఆగితే రెండో దశ వచ్చింది కానీ నడవలేదు. ఫైలు చోటు మారాక లిలోను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకపోవడం దీనికి మామూలు కారణం. "ఎల్ఐఎల్" దగ్గర ఆగితే రెండో దశ నడుస్తోంది, కెర్నెల్ డిస్క్‌లో ఎక్కడుందో రాసుకున్న మ్యాప్ ఫైలులోని పట్టిక రావడం లేదు. ఆ మూడు అక్షరాల పక్కన ప్రశ్నార్థకం పడితే రెండో దశ తప్పు చిరునామాలో దిగింది, అడ్డగీత పడితే పట్టిక పాడైంది. నాలుగు అక్షరాలూ వస్తే అంతా క్షేమం.

నాలుగు అక్షరాల్లో ఇంత సమాచారం ఇచ్చిన బూట్ లోడర్‌ను నేను మరొకటి చూడలేదు.

నాలుగో మెట్టు: గ్రబ్

ఇప్పుడు లినక్స్‌లలో ఎక్కువగా ఉన్న బూట్ లోడర్ గ్రబ్ 2. బయోస్ యంత్రంలో ఇది మూడు చోట్ల ఉంటుంది. ఎంబీఆర్‌లో బూట్ ఇమేజ్. దాని వెనక, మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో కోర్ ఇమేజ్. మిగతా మాడ్యూళ్లు (అదనపు పనుల ముక్కలు), మెనూ ఫైలు లినక్స్ పార్టిషన్‌లోని బూట్ ఫోల్డర్‌లో. పాత డిస్క్‌లలో మొదటి పార్టిషన్ 63వ సెక్టార్‌లో మొదలయ్యేది కనుక ఆ ఖాళీ 31 కేబీ మాత్రమే. ఇప్పుడు సాధారణంగా 2048వ సెక్టార్ నుంచి మొదలుపెడతారు.

ఎంబీఆర్‌లోని ముక్కకు ఫైళ్లు తెలియవు. కోర్ ఇమేజ్ మొదటి సెక్టార్ సంఖ్య ఒక్కటే దాని ఒంట్లో రాసి ఉంటుంది. అది ముందుగా "గ్రబ్" అని పేరు రాస్తుంది. ఆ తర్వాత "హార్డ్ డిస్క్ ఎర్రర్" అంటే డిస్క్ వివరాలు బయోస్ ఇవ్వలేదు. "రీడ్ ఎర్రర్" అంటే సెక్టార్ చదవడం కుదరలేదు. "జియోమ్ ఎర్రర్" అంటే అడిగిన సెక్టార్ బయోస్ పాత లెక్కకు అందనంత దూరంలో ఉంది. 1024 సిలిండర్లు, 255 హెడ్లు, 63 సెక్టార్లు గుణించి 512తో హెచ్చిస్తే వచ్చే 8.4 జీబీ దగ్గర ఆ పాత లెక్క ఆగిపోతుంది.

పేరు పక్కన "లోడింగ్" అనే మాట వస్తే మాట్లాడేది కోర్ ఇమేజ్‌లోని మొదటి సెక్టార్ అన్నమాట, ఒక మెట్టు ఎక్కారు.

కోర్ ఇమేజ్‌కు, మాడ్యూళ్లకు పొత్తు కుదరకపోతే వచ్చే చిక్కు వేరు. 2020 జూలై చివర్లో బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి సవరణ వచ్చినప్పుడు చాలా యంత్రాలు "గ్రబ్ క్యాలాక్" అనే సింబల్ (ప్రోగ్రాంలోని ఒక పని పేరు) దొరకలేదంటూ నిలిచిపోయాయి. మాడ్యూళ్లు కొత్తవి అయ్యాయి, కానీ యంత్రం నిజంగా బూట్ అయ్యే డిస్క్ మీద కోర్ ఇమేజ్ పాతదే ఉండిపోయింది. అప్‌డేట్ దానిని వేరే డిస్క్ మీద రాసింది. రెండు డిస్క్‌లున్నవారు గ్రబ్‌ను ఏ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేస్తున్నారో, బయోస్ ఏ డిస్క్‌ను ముందు తెరుస్తున్నదో సరిచూసుకోవాలి.

గ్రబ్ రెస్క్యూ నుంచి బయటపడటం

"నో సచ్ పార్టిషన్" అని, దాని కింద "గ్రబ్ రెస్క్యూ" అనే ప్రాంప్ట్ వస్తే కోర్ ఇమేజ్ చక్కగా ఉంది, తన మాడ్యూళ్లున్న పార్టిషన్ మాత్రం చెప్పిన చోట లేదు. విండోస్ నుంచి పార్టిషన్లు కదిపినప్పుడు వాటి అంకెలు మారడం మామూలే. కింది కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిషు చిన్న అక్షరాలతో కొట్టాలి.

1. "ఎల్ఎస్" కొట్టండి. హెచ్‌డి0, దాని పక్కన ఎంఎస్‌డాస్1, ఎంఎస్‌డాస్5 వంటి పేర్లు బ్రాకెట్లలో కనిపిస్తాయి. డిస్క్ లెక్క 0 నుంచి, పార్టిషన్ లెక్క 1 నుంచి మొదలవుతుంది.
2. "ఎల్ఎస్", ఒక ఖాళీ, ఒక పార్టిషన్ పేరు బ్రాకెట్లతో సహా, చివర ఏటవాలు గీత. ఇలా ఒక్కొక్కటి చూడండి. "అన్‌నోన్ ఫైల్ సిస్టమ్" అంటే కంగారు పడకండి, అది విండోస్ పార్టిషన్ కావచ్చు. బూట్, ఈటీసీ, హోమ్ ఫోల్డర్లు కనిపించినది మనది.
3. "సెట్ ప్రిఫిక్స్" తర్వాత సమాన గుర్తు, ఆ పార్టిషన్ పేరు, వెంటనే బూట్ లోపలి గ్రబ్ ఫోల్డర్ దారి. "రూట్" అనే పేరుకూ అదే పార్టిషన్ ఇవ్వండి.
4. "ఇన్స్‌మోడ్ నార్మల్", తర్వాత "నార్మల్". మెనూ వస్తుంది.

లినక్స్‌లోకి వెళ్లగానే గ్రబ్ ఇన్‌స్టాల్ కమాండ్‌ను డిస్క్ పేరుతో నడపండి, పార్టిషన్ పేరుతో కాదు. అది చేయకపోతే తర్వాతిసారి మళ్లీ ఇదే ప్రాంప్ట్. ఇక విండోస్ డిస్క్‌తో బూట్‌రెక్ ఫిక్స్ఎంబీఆర్ కమాండ్ నడిపేవారు ఒకటి గుర్తుంచుకోండి: అది పార్టిషన్ పట్టికను ముట్టదు కానీ ఎంబీఆర్‌లోని గ్రబ్‌ను తుడిచేస్తుంది.

యూఈఎఫ్ఐలో ఏం మారింది?

ఇక్కడ 446 బైట్ల ఇరుకు లేదు. ఫర్మ్‌వేర్‌కే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు. బూట్ వరుసను మదర్‌బోర్డు చిప్‌లో దాచుకుంటుంది, ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని ఫైలును పేరుతో తెరుస్తుంది. కాబట్టి ఇక్కడి లోపాలు ఎక్కువగా పేర్లవి, అనుమతులవి. డిస్క్ బాగున్నా, ఫైలు ఉన్నా, చిప్‌లోని ఆ వరుస చెరిగిపోతే బూట్ పరికరం లేదంటుంది. లినక్స్‌లో ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ కమాండ్ ఆ వరుసను చూపిస్తుంది, మారుస్తుంది కూడా. "వెరిఫికేషన్ ఫెయిల్డ్", పక్కన 1ఎ అని వస్తే నమ్మదగిన సంతకమున్న ప్రోగ్రాంనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆ సంతకాన్ని ఒప్పుకోలేదన్నమాట, డిస్క్‌ను అనుమానించవద్దు.

విండోస్ నీలి తెర మీద సి000000ఎఫ్ వస్తే కావలసిన ఫైలు లేదు, సి000000ఇ వస్తే కావలసిన పరికరమే లేదు. ఒక్క అక్షరం తేడా. మొదటిదానికి విండోస్‌లోని బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు మళ్లీ రాయించవచ్చు. రెండోదానికి ముందు ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో డిస్క్ కనిపిస్తున్నదో లేదో చూడండి.

ఇంకొక్క వాక్యం తరచుగా బూట్ లోడర్ ఖాతాలో పడుతుంది: లినక్స్‌లో రూట్ ఫైల్ సిస్టమ్‌ను (లినక్స్ ఫైళ్లుండే చోటును) మౌంట్ చేయలేకపోయానని, అంటే తెరవలేకపోయానని, బ్లాక్ 0,0 అని చెప్పి ఆగిపోయేది. అది కెర్నెల్ గొంతు. గ్రబ్ తన పని ముగించి పగ్గాలు ఇచ్చేసింది. చాలాసార్లు కారణం ఆ కెర్నెల్ అప్‌డేట్‌తో పాటు రావలసిన, డిస్క్ తెరవడానికి కావలసిన డ్రైవర్లుండే ఇనిట్ర్యామ్ఎఫ్ఎస్ ఫైలు తయారు కాకపోవడం. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకుని లోపలికి రండి. బూట్ పార్టిషన్ నిండిపోయిందేమో చూసి, ఖాళీ చేసి, ఆ ఫైలును మళ్లీ తయారు చేయించండి.